రిటైరయ్యాక ఇద్దరమే ఆర్గానిక్ పొలం చెయ్యగలమా, ఎంత భూమి తీసుకోవాలి?

మీరడిగింది ఇదీ: విశాఖ స్టీల్ ప్లాంటులో వచ్చే ఏడాది రిటైరవుతున్నారు, పిల్లలిద్దరూ బయట సెటిలైపోయారు, ఆనందపురం దాటాక ఎక్కడో రెండు మూడెకరాలు కొని "మా ఆవిడ సాయంతో" కూరగాయలు, చిరుధాన్యాలు ఆర్గానిక్‌గా పండిద్దామని ఉంది, ఎంత భూమి తీసుకోవాలి, నెలకి ఎంత మిగులుతుంది, పుంగనూరు ఆవు పెట్టొచ్చా అని. నేనూ మా వారూ పద్మనాభం వైపు ఎకరం పావులో చాలా ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాం. నేను హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని, ఆయన పోర్టులో చేసేవారు, ఇద్దరికీ పెన్షన్ ఉంది. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే పొలం మీదే బతకాలనుకునేవాళ్ళకి నేను చెప్పేవి కొన్ని అసలు పనికిరావు. మీకు పీఎఫ్ పెన్షన్ చేతికి ఎంతొస్తుందో కాగితం మీద రాసి పెట్టుకుని మిగతాది చదవండి.

ఎంత భూమి అన్నదానికి నా లెక్క ఒకటే. కూలి రాని రోజున మీ ఇద్దరూ కలిసి ఎంత చెయ్యగలరో అదే మీ పొలం సైజు. డబ్బుంది కదా అని మూడెకరాలు కొంటే కొనొచ్చు, కానీ కూలి రాని రోజులు మీరు అనుకుంటున్నదానికంటే చాలా ఎక్కువ ఉంటాయి. వేసవిలో ఉపాధి హామీ పనులు నడుస్తుంటే ఎవరూ రారు, ఊడ్పులప్పుడు ఊరంతా ఊడ్పుల్లోనే ఉంటుంది, సంక్రాంతి అంటే భోగి ముందు నుంచి ముక్కనుమ తరవాత దాకా మర్చిపోండి, ఆ పైన అమ్మవారి పండగ ఒకటి, పెళ్ళిళ్ళు సరేసరి. కుర్రాళ్ళంతా సిటీలో అపార్ట్‌మెంట్ పనులకి పోతున్నారు, పొలానికొచ్చేది మన వయసు ఆడవాళ్ళే. మా వైపు ఆడకూలి 300 దాటింది, మగకూలి 500 పైమాటే, అంతిస్తామన్నా మనకి కావలసిన రోజు దొరకరు. కలుపుమందు కొట్టే రైతుకి కూలి రెండ్రోజులు ఆలస్యమైనా పెద్దగా పోయేదేం లేదు, మనకి మాత్రం రెండ్రోజులు కలుపు ఆగితే తుంగ మడంతా పాకేస్తుంది.

అందుకని నా సలహా, మొత్తం ఎకరం, మహా అయితే ఎకరంన్నర. అందులో కూరగాయలకి 20 నుంచి 25 సెంట్లు చాలు, అది కూడా డ్రిప్పు వేసి, మొక్కల మధ్య గడ్డి కప్పి ఉంచితేనే. ఈ 25 సెంట్లు చూస్తే "ఇంతేనా" అనిపిస్తుంది, ఆగస్టులో కలుపు మొదలయ్యాక అనిపించదు లెండి. మిగతాదాంట్లో సగం చెట్లు, సగం చోళ్ళు (రాగులు), పెసలు, మినుములు, కంది, నువ్వుల్లాంటి ఒకసారి జల్లితే మన జోలికి ఎక్కువ రాని పంటలు. వరి మాత్రం ఇంటికి సరిపడా తప్ప వద్దు, దమ్ము, ఊడ్పు, కోత అన్నీ ఇంకొకళ్ళ చేతిలో ఉంటాయి.

ఇప్పుడు "మా ఆవిడ సాయంతో" అన్నారు చూడండి, దాని గురించి. మీ మెసేజ్ అంతా "నేను కొంటాను, నేను వేస్తాను" అని ఉంది, ఆవిడ ఒక్కచోటే కనిపించారు, అదీ సాయానికి. ఆవిడకి పొలం ఇష్టమేనా? ఊళ్ళో కట్టుకునే ఆ రెండు గదుల ఇంట్లో ఉండటం ఇష్టమేనా, లేక సీతమ్మధారలోనో గాజువాకలోనో అక్కచెల్లెళ్ళ దగ్గర ఉండాలనుందా? ఎందుకంటే పొలంలో పనివాళ్ళుంటే పదింటికి టీ ఎవరు పెడతారు, మధ్యాన్నం చారో అంబలో ఎవరు చూస్తారు, కోసిన ఆకుకూర ఏరి కట్టలు కట్టేదెవరు, వచ్చిన చుట్టాలకి "ఫ్రెష్‌గా" వండిపెట్టేదెవరు, ఇవేవీ లెక్కలో రాయరు. మా చుట్టుపక్కల రిటైరయ్యి వచ్చి మానేసినవాళ్ళలో ఎక్కువమంది పంట పోయి మానెయ్యలేదు, ఇంటావిడ "నావల్ల కాదు" అని చెప్పి మానేశారు, నాకైతే ఆవిడదే కరెక్టనిపిస్తుంది. మా ఇంట్లో పంపకం ఉంది. నారు, కూరగాయలు, అమ్మకం, ఖాతా పుస్తకం నావి. మోటారు, డ్రిప్పు, చెట్లు, ఆఫీసుల చుట్టూ తిరగడం ఆయనవి. వంట ఇద్దరిదీ. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టకూడదు, ఇది పాటించడం జీవామృతం (పేడ, ఆవు మూత్రం పులియబెట్టి చేసే ఎరువు నీళ్ళు) కలపడం కంటే కష్టం.

భూమి గురించి. వెంటనే కొనకండి. ముందు ఒక ఏడాది 50 సెంట్లు కౌలుకి తీసుకుని చేసి చూడండి. కౌలుకిస్తే భూమి పోతుందని రైతులు భయపడతారు, దానికే 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు, 11 నెలలకి ఒప్పందం రాసుకుంటారు, దాంతో యజమానికి హక్కు ఎక్కడికీ పోదు. ఒక ఖరీఫ్, ఒక రబీ గడిస్తే మీ మోకాళ్ళేమంటున్నాయో, ఆవిడేమంటున్నారో రెండూ తెలిసిపోతాయి. అప్పుడు కొనండి. భోగాపురం ఎయిర్‌పోర్టు మాట వచ్చాక ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు రేట్లు పంట పండించి రాబట్టేవి కావు, అది పెట్టుబడి కింద కొంటే కొనండి గానీ దాన్ని పొలం ఖర్చుల్లో కలిపారంటే ఏ లెక్కా తేలదు. ఫామ్ ప్లాట్లు అని కంచె వేసి, గేటు పెట్టి, టేకు మొక్కలు నాటి 10 సెంట్లు, 20 సెంట్లు అమ్ముతున్నారు, వాటి జోలికి పోకండి, నీళ్ళు ఎవరివి, దారి ఎవరిది అని అడిగితే అక్కడే తడబడతారు.

ఇంకో మాట. మీ పరిచయాలన్నీ ఉక్కునగరం, కూర్మన్నపాలెం, గాజువాక వైపు. రేపు మీ దగ్గర మొదట కూరగాయలు కొనేది వాళ్ళే. మరి ఆనందపురం వైపు ఎందుకు చూస్తున్నారు? సబ్బవరం, కె.కోటపాడు వైపు వెతకండి. వారానికొకసారి బండి వేసుకుని సిటీ ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళడం మొదట్లో సరదాగానే ఉంటుంది, ట్రాఫిక్కులో రెండు నెలలు తిరిగితే అప్పుడు చెప్పండి.

కాగితాలు చూసేటప్పుడు 1బీ (యజమాని రికార్డు), అడంగల్ (సాగు రికార్డు), పట్టాదారు పాస్‌బుక్, ఈసీ (అమ్మకాలు, తాకట్ల రికార్డు) ఎలాగూ చూస్తారు. రీసర్వే అయిన ఊళ్ళలో పాత సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం (కొత్త భూమి పటం) నంబరు ఉంటుంది, రెండూ సరిపోల్చుకోండి. 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చెయ్యని భూముల లిస్టు) ఉందేమో రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి, డి-పట్టా (ప్రభుత్వం పేదలకి పంచిన) భూమి అయితే 1977 చట్టం ప్రకారం అమ్మకం మామూలుగా చెల్లదు, 2023లో 20 ఏళ్ళు దాటినవాటికి సడలించినా జాగ్రత్త, "అందరూ కొంటున్నారండీ, ఏం కాదు" అని బ్రోకరు అన్నాడంటే అక్కడ్నించి లేచి వచ్చెయ్యండి. సర్వేయరుతో కొలిపించి రాళ్ళు పాతాకే డబ్బులు.

భూమిని రెండుసార్లు చూడండి, మే నెలలో ఒకసారి, అక్టోబరులో గట్టి వాన పడ్డాక ఒకసారి. మేలో నీళ్ళు తెలుస్తాయి, అక్టోబరులో మురుగు, దారి తెలుస్తాయి. వేసవిలో కారు వెళ్ళిన గోర్జి (సందుదారి) వానల్లో ఎడ్లబండికి కూడా లొంగదు. బోరు ఉంటే మేలో మీ ఎదురుగా రెండు గంటలు మోటారు ఆడించమనండి, మొదట్లో అందరి బోరూ బాగానే పోస్తుంది, గంట దాటాక ధార సన్నబడుతోందా లేదా చూడాలి. మన చుట్టూ కింద అంతా రాయి, పక్క పొలంలో పడింది కదా అని మనకి పడదు. కొత్త బోరుకి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోవాలి. భీమిలి సముద్రం పక్కనైతే నీళ్ళు టెస్టు చేయించకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు, నోటికి తియ్యగా అనిపించినా మొక్కకి ఉప్పు తగులుతుంది. పాత నుయ్యి ఉన్న భూమి దొరికితే మాత్రం వదలకండి, కరెంటు లేని రోజు నాలుగు బిందెలు తోడుకోడానికైనా ఉంటుంది.

నేల సంగతికొస్తే మన వైపు ఎక్కువ ఎర్ర గరప నేలలు, నీళ్ళు నిలవవు, సత్తువ తక్కువ, ఎండితే రాయి. పైగా కొన్నేళ్ళు జామాయిలో సరుగుడో ఉండి తీసేసిన భూములు తగులుతాయి, వాటిలో మొదటి ఏడాది ఏమీ ఆశించకండి. మొదటి పని గెత్తం (పశువుల ఎరువు). ఊళ్ళో ఎవరెవరికి పశువులున్నాయో తెలుసుకుని వేసవిలోనే ట్రక్కుల లెక్కన మాట్లాడుకోవాలి, జూన్‌లో అడిగితే దొరకదు. పచ్చి పేడ తోలితే తీసుకోకండి, దాంతోపాటు వేరుపురుగు, కలుపు విత్తనాలు ఉచితంగా వస్తాయి, ముక్కి నల్లగా పొడి అయ్యిందే కావాలి. తొలకరికి ముందు మేలో నవధాన్యాలు జల్లెయ్యడం మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం వాళ్ళు చెప్తున్న పద్ధతుల్లో నాకు బాగా నచ్చింది, వాన పడగానే రకరకాల మొక్కలు లేస్తాయి, నేల ఖాళీగా ఎండకి మాడదు, పూతకొచ్చాక కోసి అక్కడే పడెయ్యొచ్చు. అది కాకపోతే జనుము గానీ జీలుగ గానీ వేసి పూత దశలో కలియదున్నెయ్యండి.

ఆర్గానిక్కా, ప్రకృతి వ్యవసాయమా, ఏది గొప్ప అని వాట్సాప్‌లో కొట్టుకుంటుంటారు. వదిలెయ్యండి. మందు సంచి, మందు సీసా పొలంలోకి రాకూడదు, అంతవరకు పట్టుకోండి.

జీవామృతం గురించి అందరికీ తెలిసిన కొలత ఎకరానికి 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. దాన్ని చూసి అందరూ 200 లీటర్ల డ్రమ్ము కొంటారు. అరవై దాటినవాళ్ళు ఆ డ్రమ్ము కదపగలరా? మనకున్న 20 సెంట్లకి ఐదో వంతు చాలు కదా, 40 లీటర్ల నీళ్ళకి పేడ 2 కిలోలు, మూత్రం లీటరు నుంచి రెండు, బెల్లం 400 గ్రాములు, పిండి 400 గ్రాములు. మూతున్న పెద్ద బకెట్లు రెండు సరిపోతాయి. శనగపిండి ఎందుకు, మన వైపు ఉలవలు చవక, ఉలవపిండి వేస్తాను. అనకాపల్లి బెల్లంలో నల్లగా ఉన్నది తీసుకుంటే డబ్బు మిగులుతుంది, కాకపోతే నల్లబెల్లం ఎక్కువ అడిగితే కొట్టువాడు మనల్ని ఎగాదిగా చూస్తాడు, సారా కాసేవాళ్ళు కూడా అదే కొంటారు మరి. నీడలో పెట్టి గోనె కప్పి పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పాలి. మొదటి రోజు వట్టి పేడనీళ్ళ వాసన, రెండో రోజుకి పైన నురగ కడుతుంది, కర్ర పెట్టగానే బుడగలు తేలి పులిసిన కల్లు వాసన వస్తుంది, అదీ గుర్తు. కుళ్ళు కంపు కొట్టిందంటే బకెట్ ఎండలో ఉండిపోయిందని అర్థం, చెట్ల మొదట్లో పారబోసి మళ్ళీ కలుపుకోండి. 48 గంటల తరవాత నుంచి వారంలోపు వాడెయ్యాలి. డ్రిప్పులో పంపాలనుకుంటే పాత చీర గుడ్డ రెండు మడతలు వేసి రెండుసార్లు వడకట్టండి, లేకపోతే ఒక్కొక్క రంధ్రం సూదితో పొడుచుకుంటూ కూర్చోవాలి.

గడ్డి కప్పడం గురించి ఒక జాగ్రత్త, ఎర్రనేలల్లో ఎండుగడ్డి కప్పితే చెదలు పడతాయి, కాండానికి జానెడు ఎడంగా కప్పండి, కింద కాస్త వేపపిండి జల్లండి. చోడవరం, అనకాపల్లి వైపు ఉంటే చెరకు ఆకు ట్రాక్టర్లకొద్దీ దొరుకుతుంది, దాన్ని అక్కడ తగలబెడుతుంటారు, అడిగితే ఇస్తారు.

పురుగుల దగ్గర కొత్తవాళ్ళు కషాయాల మీద పడతారు, నీమాస్త్రం, అగ్నాస్త్రం, దశపర్ణి అని డ్రమ్ములు నింపుతారు. అవి పనిచేస్తాయి, కాదనను, కానీ రోజూ పొద్దున్న మొక్కల్ని చూసే కళ్ళు అంతకంటే ఎక్కువ పనిచేస్తాయి, రిటైరైనవాళ్ళకి ఉన్న ఒకే ఒక్క లాభం అదే, టైము. వంకాయ తీసుకోండి. పొద్దున ఆరింటికి వరసలో నడుస్తుంటే మొక్కంతా నిటారుగా ఉండి ఒక్క చిగురు మాత్రం తల వాల్చి కనిపిస్తుంది. నీళ్ళు చాలలేదేమో అనుకుంటారు. ఆ చిగురు కిందకి రెండంగుళాల దగ్గర తుంచి గోటితో చీల్చండి, లోపల గులాబీ రంగులో సన్నటి పురుగు, దాని వెనక నల్లటి విసర్జన కనిపిస్తాయి. అదే రేపు కాయలోకి దూరేది. అలా వాలిన చిగుళ్ళన్నీ తుంచి సంచిలో వేసుకుని మంటలో పారేస్తే సగం పోరు అయిపోయినట్టే, అక్కడే గట్టు మీద పారేస్తే మాత్రం చీడ మళ్ళీ మొదలు. బీర, కాకర, ఆనప పాదులకి పండు ఈగ బుట్టలు పందిరికి వేలాడదియ్యండి, మామిడికి వేరే రకం ఎర ఉంటుంది, కొట్లో రెండూ ఒకటే అని అంటగడతారు, అడిగి తీసుకోండి. బెండకి పల్లాకు తెగులు వస్తే ఇంక మందు లేదు, వచ్చిన మొక్క వచ్చినట్టు పీకెయ్యడమే, మనసొప్పక ఉంచుకుంటే తెల్లదోమ మడంతా అంటిస్తుంది. బూడిద తెగులుకి పుల్లటి మజ్జిగ నీళ్ళలో కలిపి కొడతాం, మజ్జిగ నిజంగా పులవాలి, ఫ్రిజ్జులోది కాదు.

పక్కవాడు మందు కొడితే మన పొలం ఆర్గానిక్ ఎలా అవుతుంది అని అడుగుతారు. గాలికి వస్తుంది, వానకి వాడి యూరియా నీళ్ళు మన మడిలోకి దిగుతాయి, నిజమే. గట్టు ఎత్తు చేసుకుని, గట్టు పొడవునా కంది, జొన్న దట్టంగా వేసి, లోపల గిరిపుష్పం కంచె పెంచుకుంటే చాలావరకు ఆగుతుంది, గిరిపుష్పం రొట్ట మళ్ళీ ఎరువుకి పనికొస్తుంది. అన్నిటికంటే ముందు పక్క రైతుతో సఖ్యంగా ఉండండి. మందు కొట్టే ముందు రోజు మా పక్కాయన ఫోన్ చేస్తాడు, "టీచరమ్మా, రేపు కొడతన్నాను, మీ కూర ఈరోజే కోసేసుకోండి" అని. అలా చెప్పించుకోడానికి మనం సిటీ నుంచి వచ్చిన పెద్దమనుషుల్లా కాకుండా వాళ్ళింటి పెళ్ళికీ చావుకీ వెళ్ళాలి, "మీరంతా విషం పండిస్తున్నారు" అని లెక్చర్లు ఇవ్వకూడదు.

అమ్మకం. విత్తనం కొనక ముందే కొనేవాళ్ళని చూసుకోండి, తల్లకిందులుగా ఉన్నా ఇదే వరస. రైతు బజారులు ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం, గోపాలపట్నం, అన్నిచోట్లా ఉన్నాయి, రైతు కార్డు తీసుకుంటే కూర్చోవచ్చు, కానీ అక్కడ రేటు పొద్దున్నే బోర్డు మీద రాసేస్తారు, మీ బెండకాయ ఆర్గానిక్ అని రూపాయి ఎక్కువ రాదు. ఆర్గానిక్ షాపులవాళ్ళు తీసుకుంటారు గానీ వారానికి ఇంత కచ్చితంగా కావాలంటారు, డబ్బులు నెల తరవాత ఇస్తారు, మిగిలింది వెనక్కి పంపుతారు. ఒక షాపుతో అలా విసిగిపోయి మేము నేరుగా ఇళ్ళకే ఇస్తున్నాం. పాతిక ముప్ఫై ఇళ్ళు ఉంటే 25 సెంట్ల కూరగాయలు హాయిగా వెళ్ళిపోతాయి. శుక్రవారం సాయంత్రం ఏముందో గ్రూపులో పెడతాను, శనివారం మధ్యాన్నం లోపు ఆర్డర్లు, సాయంత్రం ఎండ తగ్గాక కోత, రాత్రి తడిగోనె కింద పెట్టి ఆదివారం ఏడు లోపు అపార్ట్‌మెంట్ల వాచ్‌మెన్ దగ్గర పేర్లు రాసిన సంచులు. ఏది పండితే అది తీసుకునే ఇళ్ళనే ఉంచుకోండి, జులైలో క్యాబేజీ, టమాటా అడిగేవాళ్ళు మనకొద్దు. తోటకూర, బచ్చలి, గోంగూర, మునగాకు, కరివేపాకు, ఇవే డబ్బులు. ఆకుకి చిల్లులున్నాయని ఒకావిడ ఫోటో పెట్టింది, ఆ చిల్లులకే కదమ్మా నా దగ్గర కొంటున్నావు అన్నాను, ఇప్పటికీ కొంటోంది. రేటు మాత్రం ఏడాది పొడుగునా ఒకటే ఉంచండి, మార్కెట్లో టమాటా వంద అయిందని మనమూ పెంచితే, పది అయినప్పుడు వాళ్ళు మన దగ్గరికి రారు.

సర్టిఫికెట్ అవసరమా అంటే, తెలిసినవాళ్ళకి నేరుగా అమ్మేవాళ్ళకి అంతగా లేదు. ఏడాదికి 12 లక్షల లోపు అమ్మే చిన్న రైతు నేరుగా వాడుకునేవాళ్ళకి అమ్మితే సర్టిఫికెట్ లేకుండా ఆర్గానిక్ అనొచ్చు, ప్రభుత్వ ఆర్గానిక్ గుర్తు జైవిక్ భారత్ లోగో మాత్రం పెట్టుకోకూడదు. షాపులకి, ప్యాకెట్లలో అమ్మాలంటే పీజీఎస్ (రైతుల గ్రూపే ఇచ్చుకునే సర్టిఫికెట్) చవక, ఊళ్ళో కనీసం ఐదుగురు రైతులు గ్రూపు కట్టి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు, మందుల నుంచి ఆర్గానిక్‌కి మారే కాలంలో గ్రీన్, అది అయ్యాక ఆర్గానిక్ అని ఇస్తారు. గ్రూపుకి ఐదుగురు దొరకడమే అసలు పని. చోడిపిండి, పచ్చళ్ళు, కారప్పొళ్ళు అమ్మితే ఆహార భద్రతా శాఖ వాళ్ళ బేసిక్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, ఏడాదికి ఫీజు 100 రూపాయలే.

నెలకి ఎంత మిగులుతుంది? మొదటి ఏడాది ఏమీ మిగలదు, కంచె, డ్రిప్పు, షెడ్డు, మోటారు ఇవి వెనక్కి రావడానికి చాలా కాలం పడుతుంది, రెండో ఏడు ఖర్చులకి సరి, మూడో ఏడు నుంచి ఇంటి కూరగాయలు, పప్పులు, చోళ్ళు, మామిడిపళ్ళు కొనక్కర్లేకుండా చేతిలో ఇంకాస్త ఉంటుంది. మీ ఇద్దరి శ్రమకి కూలి కట్టి చూస్తే నష్టమే, ఆ లెక్క వెయ్యకండి, వేస్తే పొలానికి రావాలనిపించదు. పీఎం కిసాన్ మీద ఆశ పెట్టుకోవద్దు, కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో చేసి రిటైరైనవాళ్ళు అనర్హుల లిస్టులో ఉన్నారు, పైగా 2019 ఫిబ్రవరి 1 తరవాత కొనుక్కున్న భూమికి వర్తించదు. డ్రిప్పుకి ఏపీఎంఐపీ (రాష్ట్ర సూక్ష్మసేద్య పథకం) సబ్సిడీ ఉంటుంది, శాతం మారుతుంటుంది కాబట్టి మీ రైతు సేవా కేంద్రంలో ఆ ఏడాది ఎంతో అడగండి. పంట మీద వచ్చిన ఆదాయానికి పన్ను లేదు కానీ అది 5,000 దాటి, మీ మిగతా ఆదాయం కూడా పన్ను పరిమితి దాటితే రేటు కట్టేటప్పుడు దీన్ని కలుపుతారు, రిటర్నులో చూపించండి. పచ్చళ్ళ మీద లాభం పంట ఆదాయం కిందకి రాదు.

చెట్లలో మామిడి అయితే సువర్ణరేఖ, పనుకులు మన వైపు రకాలు, సువర్ణరేఖ ముందే వస్తుంది, రంగు చూసి జనం ఎగబడతారు. ఏది వేసినా పొట్టిగా పెంచండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా చుట్టుపక్కల ఎత్తుగా పెరిగిన మామిడి, జీడి వేళ్ళతో సహా లేచిపోయాయి, ఏటా కొమ్మలు కొట్టి గొడుగులా ఉంచినవి చాలావరకు నిలబడ్డాయి. నిచ్చెన ఎక్కకుండా కోసుకునేంత ఎత్తు అంటే మన వయసుకీ అదే మంచిది. తుఫాన్లొచ్చే అక్టోబరు, నవంబరుల్లో అరటి గెలలు చేతికొచ్చేలా నాటకండి, పందిళ్ళు వెదురుతో వద్దు, రాతి స్తంభాలకి ఒకసారే ఖర్చు.

పిల్లలు అమెరికాలో ఉన్నారంటే ఒక కాన్పుకో ఎండాకాలానికో ఆరు నెలలు వెళ్ళక తప్పదు, అది కూడా సరిగ్గా ఖరీఫ్‌లోనే వస్తుంది. దానికి ఇప్పుడే ఏర్పాటు ఆలోచించండి. మేము వెళ్ళినప్పుడు కూరగాయల మడిలో నవధాన్యాలు జల్లేసి, మెట్ట పంట పక్క రైతుకి సగపాలుకి ఇచ్చి, చెట్లకి నీళ్ళు పెట్టే పని ఒక్కటే ఒకామెకి నెలజీతం మీద అప్పజెప్తాం. కాపలాకి ఎక్కడ్నుంచో ఒక కుటుంబాన్ని తెచ్చి పెట్టుకోవడం నాకు ఇష్టం ఉండదు, వాళ్ళ పిల్లల చదువు, జబ్బులు, అప్పులు అన్నీ మనవే అవుతాయి, మనం లేనప్పుడు పొలం వాళ్ళదవుతుంది.

పాముల మాట చెప్పాలి. రక్తపింజరి మన పొలాల్లో బాగా తిరుగుతుంది, గడ్డి కప్పిన మళ్ళు దానికి ఇంకా ఇష్టం, ఎలకలు దొరుకుతాయి కదా. మోకాలి దాకా గమ్‌బూట్లు, చీకట్లో టార్చి, గడ్డి ఎత్తేముందు కర్రతో తట్టడం, ఈ మూడూ అలవాటు చేసుకోండి. కరిస్తే కట్లు బిగించడం, కొయ్యడం, మంత్రాలు ఏమీ వద్దు, కదలకుండా కూర్చోబెట్టి నేరుగా ప్రభుత్వాసుపత్రికి, విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో విరుగుడు మందు ఉంటుంది. అందుకే ఇంటి గుమ్మం దాకా కారు వచ్చే దారి, ఫోన్ సిగ్నల్ ఉన్న చోటే కొనమంటాను. పని పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర, మళ్ళీ నాలుగు తరవాత, మధ్యలో ఎండలోకి వెళ్ళొద్దు, మన ఉక్కపోతలో బీపీ మాత్ర వేసుకునేవాళ్ళు కళ్ళు తిరిగి పడిపోవడం ఎంతసేపు. ఒక్కరే పొలంలో ఉన్నప్పుడు ఫోన్ జేబులో ఉండాలి, షెడ్డులో కాదు.

ఇక పుంగనూరు ఆవు. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, మీ ఎకరానికి పేడ, మూత్రం ఏ నాటు ఆవైనా అంతే ఇస్తుంది, రేటు మాత్రం లక్షల్లో చెప్తున్నారు. ఆవు ఉంటే ఒక్క పూట కూడా ఇద్దరూ కలిసి ఊరెళ్ళలేరు, పెళ్ళికైనా ఒకరే. మొదటి రెండేళ్ళు ఊళ్ళో నాటు ఆవులున్నవాళ్ళ దగ్గర పేడ, మూత్రం కొనుక్కోండి, తెల్లారి డబ్బా పెట్టి వస్తే పట్టి ఉంచుతారు, లీటరుకింత అని ఇస్తే వాళ్ళకీ సంతోషమే. తరవాత కూడా కావాలనిపిస్తే ముందు గడ్డి ఎక్కడ పెంచుతారో, పశువుల డాక్టరు ఎంత దూరంలో ఉన్నాడో చూసుకుని, ఎవరైనా ఇంట్లో పెంచుకున్న ఈనిన నాటు ఆవుని దూడతో సహా కొనండి, సంతలో కాదు. పాలు పితకడం మీ ఇద్దరిలో ఎవరికి వచ్చో అది కూడా తేల్చుకోండి.